మోడ్ (మోడరేటర్) ట్యాగ్ లేకుండానే గ్రూపును కనిపెట్టుకుని ఉండేవాళ్ళ గురించి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు, మధ్యలో మంగళగిరి, తాడేపల్లి వాళ్ళం కలిసి 2020 లాక్‌డౌన్‌లో పెట్టుకున్న గేమింగ్ గ్రూపు మాది. మొదట వాట్సాప్‌లో పాతిక మందిమి, తర్వాత డిస్కార్డ్ (గేమర్లు మాట్లాడుకునే యాప్) సర్వర్ పెట్టాం, ఇప్పుడు నాలుగొందల పైచిలుకు ఉన్నాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని నిషేధించారు, 2021 జూలైలో అది మన దేశం కోసం బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది, 2022 జూలై చివర్లో మళ్ళీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. గేమే లేని ఆ పది నెలలు కూడా గ్రూపు చెదిరిపోలేదు. మాకు అడ్మిన్లు ముగ్గురే. గ్రూపు నిలబడింది మాత్రం ఏ ట్యాగూ లేకుండా రోజూ నలుగురినీ కనిపెట్టుకుని ఉండే ఓ పదిహేను మంది వల్ల. వాళ్ళని జనం అడిగేవి, వాళ్ళలా చేద్దామనుకునేవాళ్ళు నన్ను అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎవరు వీళ్ళు?

మీ గ్రూపులోనూ ఉండే ఉంటారు. ఎవడో వాయిస్‌లో నోరు పారేసుకుంటుంటే "చాల్లే బ్రో, తర్వాతి మ్యాచ్ స్టార్ట్ చెయ్" అనేవాడు, కొత్తగా వచ్చినవాడు "రూమ్ ఐడీ ఎక్కడుంటుంది?" అని (మా మ్యాచ్‌లో చేరడానికి వాడే నంబర్ అది) మూడోసారి అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు, ఇద్దరు మాటా మాటా అనుకుంటుంటే ఇద్దరికీ విడివిడిగా మెసేజ్ పెట్టేవాడు. వాళ్ళకి ఎవరినీ మ్యూట్ చేసే అధికారం లేదు, పేరు పక్కన రంగు కూడా ఉండదు. అయినా వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉన్న రాత్రికీ లేని రాత్రికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

కంపెనీ వాళ్ళు చూసుకుంటారుగా, మధ్యలో మనకెందుకు?

కంపెనీ వాళ్ళు చూస్తారు, కాదనను. రిపోర్ట్ బటన్ ఉంది, ఒక్కోసారి రెండు రోజులకి "మీ రిపోర్ట్ మీద చర్య తీసుకున్నాం" అని మెసేజ్ కూడా వస్తుంది. కానీ ఈలోపు ఆ తిట్టు తిన్నవాడు ఫోన్ పక్కన పడేసి పడుకుని ఉంటాడు, మర్నాడు రాడు, వారం తర్వాత చూస్తే గ్రూపులో ఉండడు. వెళ్ళిపోయేవాళ్ళు ఎవరూ చెప్పి వెళ్ళరు. తిట్టినవాడి సంగతి కంపెనీ చూస్తుంది సరే, తిట్లు తిన్నవాడి సంగతి ఆ నిమిషంలో ఆ లాబీలో (ఆడేవాళ్ళంతా చేరే చోట) ఉన్న మనమే చూడాలి. ఈ పని గురించి నాకు తెలిసిందంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో సంగతి, ఆటగాళ్ళ తీర్పు లేకుండా పని జరగదని పెద్ద కంపెనీలే ఒప్పుకున్నాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2011 నుంచి 2014 దాకా ట్రైబ్యునల్ అని ఉండేది, రిపోర్టులు ఎక్కువగా వచ్చినవాళ్ళ చాట్ మొత్తం తోటి ఆటగాళ్ళ ముందు పెట్టి, శిక్షించాలా వదిలేయాలా అని ఓటేయించేవాళ్ళు. కౌంటర్ స్ట్రైక్‌లో 2013లో ఓవర్‌వాచ్ అనే పద్ధతి వచ్చింది, అనుమానం ఉన్న మ్యాచ్ రికార్డింగ్ చూసి అనుభవం ఉన్న ఆటగాళ్ళే తేల్చేవాళ్ళు. చెస్ ఆడేవాళ్ళకి తెలిసిన లీచెస్‌లో ఇప్పటికీ వాలంటీర్లే మోడ్లు.

ఇదంతా ఈ మధ్య మొదలైందా?

కాదు. బొమ్మలే లేని, ఉత్త అక్షరాలతో ఆడే రోజుల నుంచీ ఉంది. 1993లో లాంబ్డామూ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో ఒకడు చిన్న ప్రోగ్రామ్ వాడి, మిగతా ఆటగాళ్ళ పాత్రలు వాళ్ళ ప్రమేయం లేకుండా అసహ్యమైన పనులు చేస్తున్నట్టు అందరికీ కనపడేలా చేశాడు. ఆడేవాళ్ళంతా ఒకచోట చేరి గంటల తరబడి మాట్లాడుకున్నారు, ఏదీ తేల్చుకోలేకపోయారు, చివరికి పై అధికారాలున్న ఒక ఆటగాడు తనంతట తానే వాడి అకౌంట్ తీసేశాడు. ఆ తర్వాత అక్కడ పిటిషన్లు, ఓటింగ్ పద్ధతి పెట్టారు. ముప్పై ఏళ్ళు దాటినా మా గ్రూపులో నేటికీ అవే వాదనలు: ఎవరు నిర్ణయించాలి, ఎంతమంది ఒప్పుకోవాలి, ఒక్కడే నిర్ణయిస్తే ఎలా.

నా చేతిలో ఏ బటనూ లేదు. నేనేం చేయగలను?

చాలా చేయొచ్చు. ముందు చేయాల్సింది ఏంటంటే తొందరగా మాట్లాడటం. మొదటి చెత్త మాటకి పది సెకన్లలోపు ఎవరో ఒకరు "వద్దు బ్రో" అంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. అదే పది నిమిషాలు ఊరుకున్నాక అన్నామనుకోండి, అప్పటికే నలుగురు నవ్వేసి ఉంటారు, ఆ నలుగురి ముందు వాడు వెనక్కి తగ్గలేడు. పరువు సమస్య అయిపోతుంది. మన వైపు కుర్రాళ్ళకి నలుగురిలో "సారీ" అనడం ఎంత కష్టమో మీకు తెలుసు, కాబట్టి గట్టిగా చెప్పాల్సింది ఏమైనా ఉంటే డీఎంలో (విడిగా పంపే మెసేజ్‌లో) చెప్పండి, గ్రూపులో చిన్న మాటతో సరిపెట్టండి. "ఒరేయ్, ఇందాక నువ్వన్న మాటకి వాడు బాధపడ్డాడురా, ఒక మెసేజ్ పెట్టు" అని డీఎంలో చెబితే పెట్టినవాళ్ళని చాలామందిని చూశాను. ఇదే మాట గ్రూపులో ట్యాగ్ చేసి చెప్పినప్పుడు మాత్రం గొడవ రెట్టింపయింది.

రెండోది, మాట పడినవాడి దగ్గరికి వెళ్ళండి. తిట్టినవాడితో వాదించడానికి అందరూ ఎగబడతారు, అది ఓ రకంగా హుషారుగా ఉంటుంది కూడా. అవతల మాట పడినవాడిని ఎవరూ పలకరించరు. "ఏమీ అనుకోకు తమ్ముడూ, రేపు నా స్క్వాడ్‌లోకి రా" అని ఒక్క మెసేజ్ చాలు.

మూడోది, ఆధారం ఉంచుకోండి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైమ్, అవతలి ఐడీ కనపడాలి. వాయిస్ అయితే స్క్రీన్ రికార్డింగ్. తీసిపెట్టి అడ్మిన్‌కి ఇవ్వండి, స్టేటస్‌లో మాత్రం పెట్టకండి. ఆ తర్వాత బటన్ల పని వాళ్ళది: డిస్కార్డ్‌లో ఒక మనిషిని 60 సెకన్ల నుంచి వారం దాకా టైమ్‌అవుట్‌లో పెట్టొచ్చు (అప్పటిదాకా మాట్లాడలేడు), ఛానెల్‌కి స్లో మోడ్ పెట్టొచ్చు (మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య కాసేపు ఆగాలి), వాట్సాప్‌లో అయితే ఎవరి మెసేజ్ అయినా అడ్మిన్ అందరికీ డిలీట్ చేయొచ్చు. బ్యాన్ కంటే ముందు ఇన్ని మెట్లున్నాయని చాలామంది అడ్మిన్లకే తెలియదు, మీరు గుర్తు చేయండి.

డిస్కార్డ్‌లో ఆటోమోడ్ ఉందిగా, బూతులు అదే ఆపదా?

ఇంగ్లీష్ బూతుల్ని బాగానే ఆపుతుంది. 2022లో వచ్చింది, మనం ఇచ్చిన పదాల జాబితా చూసి మెసేజ్‌ని పడనివ్వదు. కానీ మనవాళ్ళు తిట్టేది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. ఒకే బూతుని ఒకడు ఒక 'ఎ' పెట్టి రాస్తాడు, ఇంకొకడు రెండు 'ఎ'లు పెడతాడు, 'డి' బదులు 'ధ' పలికేలా 'డీహెచ్' పెడతాడు, మధ్యలో చుక్క పెడతాడు, సగం రాసి ఊరుకుంటాడు. మేం ఒక్క పదానికి పంతొమ్మిది రకాల స్పెల్లింగులు జాబితాలో చేర్చాం, ఇరవయ్యోది మర్నాడే వచ్చింది. పోనీ అని పదం ముందూ వెనకా ఏమున్నా పట్టుకునేలా పెడితే, మామూలు మాటల్లో ఇమిడిపోయిన అక్షరాలు కూడా దొరికిపోయి, పాపం ఊరి పేరు రాసినవాడి మెసేజ్ కూడా ఆగిపోయింది.

అసలు మన దగ్గర గాయం చేసే మాటలు చాలావాటిలో బూతే ఉండదు. "మీ ఊళ్ళో కరెంటుందా?" అని పల్లెటూరి నుంచి వచ్చినవాణ్ణి అడుగుతారు. అందులో ఏ పదాన్ని ఆపుతుంది ఆటోమోడ్? ఆ వెటకారం పట్టుకోవడానికి తెలుగు విని పెరిగిన చెవి కావాలి.

సరదాకి అన్న మాట ఏదో, నిజంగా తిట్టింది ఏదో ఎలా తేల్చాలి?

మా వైపు స్నేహితులు "ఏందిరా" తో మొదలుపెట్టి ఎక్కడిదాకా వెళ్తారో చెప్పక్కర్లేదు. ప్రతి మాటకీ అడ్డుపడితే గ్రూపు సచ్చిపోతుంది. నేను చూసేది ఒక్కటే, అవతలివాడు తిరిగి అంటున్నాడా? ఇద్దరూ అనుకుంటుంటే సరదా. ఒకడే అంటూ, రెండోవాడు "హ హ" అని రాసి తర్వాత మాట్లాడటం మానేస్తే అది సరదా కాదు. ఆ "హ హ" దగ్గర ఆగి చూడండి.

హీరోల ఫ్యాన్స్ గొడవలు, పార్టీ గొడవలు మాకు ఒకే ఛానెల్‌లో ఉంటాయి, ఎన్నికల నెలలో ఆ ఛానెల్ మూసేస్తాం. అంతే, దాని మీద చర్చ పెట్టం.

కులం సంగతి వేరే చెప్పాలి. మా రెండు ఊళ్ళలో అది నేరుగా రాదు. "బ్రో, నీ ఇంటిపేరేంటి?" అని వస్తుంది. "మీదే ఊరు? ఆ ఊళ్ళో ఏ వీధి?" అని వస్తుంది. అడిగేవాడు ఎంతో ప్రేమగా అడుగుతాడు, కొన్నిసార్లు వాడికే తెలియదు తానేం అడుగుతున్నాడో, ఇంట్లో పెద్దవాళ్ళు అడగ్గా విని నేర్చుకున్నాడు. కానీ సమాధానం చెప్పాల్సినవాడికి తెలుసు. వాడు తడబడతాడు, నెట్ పోయిందంటాడు, మైక్ ఆపేస్తాడు. నేను నా కళ్ళతో చూసింది ఏంటంటే, ఆ ప్రశ్న తర్వాత స్క్వాడ్‌లు మారిపోతాయి, నిన్నటిదాకా కలిసి ఆడినవాళ్ళు రెండు గుంపులవుతారు. కాబట్టి మా దగ్గర ఇంటిపేరు అడగడం నిషేధం, కారణం ఏదైనా సరే. ఎవరైనా అడిగితే ట్యాగ్ ఉన్నా లేకపోయినా ఎవరో ఒకరు వెంటనే "ఇక్కడ గేమ్ ఐడీయే ఇంటిపేరు" అంటారు, మాట ఆటలోకి తిప్పేస్తారు. ఇక కులం పేరుతో తిడితే హెచ్చరిక కూడా ఉండదు, నేరుగా బయటికే. ఎస్సీ, ఎస్టీ వాళ్ళని నలుగురి ముందు కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా.

అమ్మాయిలు మైక్ ఎందుకు ఆన్ చేయరు?

బ్రాడీపేట నుంచి ఆడే ఒక అమ్మాయి మా స్క్వాడ్‌లో ఆరు నెలలు ఉంది. ఎప్పుడూ టైప్ చేసేది. స్నైపర్ చేతికిస్తే మాలో ఎవరికీ అందని ఆట. ఒక రాత్రి చివరి సర్కిల్‌లో టైప్ చేసేంత టైమ్ లేక మైక్ ఆన్ చేసి "ఎడమ గోడ వెనక ఒకడున్నాడు" అంది. అంతే, "అరే అమ్మాయా!" అని ఒకడు, "ఏ కాలేజీ?" అని ఒకడు, "పాట పాడవా" అని ఒకడు. ఎవరూ బూతు మాట్లాడలేదు. గోడ వెనకవాడు వచ్చి మమ్మల్ని లేపేశాడు. ఆ రాత్రి ఆమెకి తొమ్మిది ఫ్రెండ్ రిక్వెస్టులు వెళ్ళాయట, మర్నాడు గ్రూపులో లేదు. నేను ఆ లాబీలోనే ఉన్నాను, తప్పుగా ఏమీ అనలేదు, కానీ మిగతావాళ్ళని ఆపనూ లేదు. నాలుగేళ్ళయింది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అప్పటి నుంచి మేం చేసేది ఒకటే. ఎవరి గొంతు మొదటిసారి వినపడినా, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఆ మాటకి ఆటలోనే జవాబివ్వాలి. "గోడకి ఎంత దూరంలో? ఒక్కడేనా? స్మోక్ వేస్తున్నా, నువ్వు కవర్ చెయ్." గొంతు గురించి ఒక్క మాట కూడా లేకుండా. ఎవడైనా "అమ్మాయా?" అని మొదలుపెడితే రెండోవాడు పై నుంచి కాల్‌అవుట్ (శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాట) ఇచ్చేస్తాడు, మొదటివాడి మాట కిందకి పోతుంది. ఇది నియమాల పేజీలో రాయలేం, అలవాటుగా రావాలి. ఇప్పుడు మా సర్వర్‌లో వాయిస్‌లో మాట్లాడే అమ్మాయిలు పదకొండు మంది ఉన్నారు. ఎక్కువని నేననను.

ఒకడు హ్యాక్ వాడుతున్నాడని గట్టి అనుమానం. క్లిప్ గ్రూపులో పెట్టేయనా?

పెట్టొద్దు. తెనాలి నుంచి ఆడే ఇంటర్ కుర్రాడి మీద ఎవరో 12 సెకన్ల క్లిప్ పెట్టారు, సాయంత్రానికల్లా మా గ్రూపుతో పాటు ఇంకో నాలుగు గ్రూపుల్లో అతని ఐడీ తిరిగింది. అతను పాత ఫోన్‌లో గైరో (ఫోన్‌ని వంచుతూ గురిపెట్టే పద్ధతి) పెట్టుకుని ఆడతాడు, అంతే. రెండు రోజుల తర్వాత చేతులు కనపడేలా హ్యాండ్‌క్యామ్ పెట్టి అందరి ముందూ ఆడి చూపించాడు. క్లిప్ పెట్టినవాడు "ఓకే బ్రో, నైస్" అన్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు.

కౌంటర్ స్ట్రైక్ ఓవర్‌వాచ్‌లో రికార్డింగ్ చూసేవాళ్ళకి అనుమానితుడి పేరు కనపడేది కాదు, మాటలు వినపడేవి కావు, ఉత్త ఆట మాత్రమే చూపించేవాళ్ళు. మనమూ అదే పాటించొచ్చు. ఐడీ చెరిపేసి క్లిప్‌ని ఇద్దరు ముగ్గురు బాగా ఆడేవాళ్ళకి పంపండి, వాళ్ళు విడివిడిగా చూడాలి, ఒకరి మాట ఒకరు వినకూడదు. ముగ్గురూ హ్యాక్ అంటే గేమ్‌లోనే రిపోర్ట్ కొట్టండి, మన రూమ్‌ల నుంచి తీసేయండి. ఊరంతా చాటింపు వేయడం ఎవరి పనీ కాదు.

చిన్నపిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ విషయంలో ఏం చేయాలి?

సంక్రాంతికీ దసరాకీ మా గ్రూపు ఒక్కసారిగా నిండిపోతుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో నెలల తరబడి ఫోన్ లేకుండా ఉన్న పిల్లలు ఇంటికొచ్చి, ఆ పది రోజులూ వదలకుండా ఆడతారు. వాళ్ళ మీద విసుక్కోకండి. ర్యాంక్ పోయి ఉంటుంది, అప్‌డేట్‌లు తెలియవు, పాత మ్యాప్‌లే గుర్తుంటాయి, పైగా వారంలో మళ్ళీ వెళ్ళిపోవాలన్న టెన్షన్. పండగ రోజుల్లో వాళ్ళకోసం ర్యాంక్ లేని మ్యాచ్‌లు పెడతాం.

పద్ధెనిమిది లోపు వాళ్ళకి బీజీఎంఐ మొదలైనప్పుడే రోజుకి 3 గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు హద్దుగా పెట్టారు, తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలన్నారు. పిల్లలు నాన్న నంబర్‌తో లాగిన్ అయ్యి దాటేస్తారు. అర్ధరాత్రి దాటాక చిన్న గొంతు వినపడితే "పడుకో నాన్నా, రేపు ఆడదాం" అని స్క్వాడ్‌లోకి తీసుకోకపోవడం మన చేతిలో ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మనం సర్దిచెప్పే పని పెట్టుకోకూడదు. పెద్దవాడెవడైనా పిల్లల్ని ఫోటో అడిగినా, విడిగా వీడియో కాల్‌కి రమ్మన్నా, స్కిన్ (గేమ్‌లో పాత్రకో తుపాకీకో వేసే డిజైన్) కొనిస్తానని కలవమన్నా, అది గ్రూపులో తేల్చే గొడవ కాదు. మెసేజ్‌లు చెరపకుండా ఉంచి, ఇంట్లోవాళ్ళకి చెప్పించి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేసే వీలుంది. "మనవాడే కదా, వార్నింగ్ ఇచ్చి వదిలేద్దాం" అనే అడ్మిన్ ఉన్న గ్రూపులో ఉండకండి.

ఐడీ అమ్ముతామని, యూసీ (గేమ్‌లో వాడే డబ్బు) తక్కువకిస్తామని లింకులు పెడుతున్నారు?

మోసపోయేవాళ్ళే ఎక్కువ. లింక్ చూడగానే తీసేయించండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రమ్మీ, బెట్టింగ్ యాప్ రిఫరల్ కోడ్‌లు?

ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ వరకూ జైలు, 50 లక్షల వరకూ జరిమానా ఉంది. కోడ్ పెట్టినవాడికి ఈ సంగతి చెప్పండి, చాలామంది తెలియకే పెడతారు.

అందరినీ సరిదిద్దేవాడే తప్పు చేస్తే?

చేస్తాడు. ట్యాగ్ లేనివాళ్ళతో ఉన్న ప్రమాదమే అది, అధికారం లేదు కాబట్టి తీసేయడానికీ ఏమీ ఉండదు. నెమ్మదిగా వాడి స్నేహితులు ఏమన్నా సరదా అవుతుంది, కొత్తవాడు అంటే తప్పవుతుంది. పైన చెప్పిన "హ హ" పరీక్ష మీ సొంత స్నేహితుల మీద ముందు పెట్టుకోండి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, మనకి బాగా దగ్గరివాడి గొడవలో మనం తలదూర్చకూడదు, ఇంకొకరిని పిలవాలి. ఎవరినైనా బయటికి పంపితే ఆ పంపినవాళ్ళు కాకుండా వేరే మనిషి వాళ్ళ మాట వినాలి. మిన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో ఎవరో ఇల్లు కూలగొట్టారని ఒక పిల్లాణ్ణి తీసేస్తే, కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్‌లో వెతికిన రెండోమనిషికి అది వేరేవాడి పనని తెలిసింది. ఏ బ్లాక్ ఎవరు ఎప్పుడు పగలగొట్టారో అందులో ఉంటుంది, చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, మేం ముందు చూడలేదు. ఆ పిల్లాడికి అందరి ముందూ సారీ చెప్పాం.

దీనికి డబ్బులిస్తారా?

ఇవ్వరు. అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీకి ఉచితంగా చాట్‌రూమ్‌లు కాచిన వాలంటీర్లు తమది ఉద్యోగమేనని 1999లో కేసు వేస్తే, 2010లో కోటిన్నర డాలర్లకి రాజీ కుదిరింది. స్నేహితుల గ్రూపుకి చేసేది వేరు. కానీ ఏ కంపెనీ అయినా మీకు షిఫ్ట్ టైమ్‌లు పెట్టి, లెక్కలు అడుగుతూ ఉచితంగా చేయమంటే జీతం అడగండి, అందులో తప్పులేదు.

నాకు విసుగొస్తోంది. రోజూ ఇవే గొడవలు.

అయితే కొన్నాళ్ళు ఆపేయండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రోజూ బూతులు వింటూ ఉంటే మనసు మొద్దుబారుతుంది, ఇంట్లోవాళ్ళ మీద అరుస్తాం. నిద్ర పట్టని దాకా వస్తే 14416కి ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

నేను రెండుసార్లు ఆపేశాను. రెండోసారి తిరిగొచ్చింది 2024 సెప్టెంబర్‌లో, బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు. మా వాళ్ళు పద్నాలుగు మంది ఆ వైపే ఉంటారు. ఎవరి ఫోన్ ఆన్‌లో ఉంది, ఎవరి ఇల్లు ఎన్నో అంతస్తు, ఎవరికి నీళ్ళు, పాలు అందలేదు అని ఒక ఛానెల్‌లో రాసుకుంటూ వచ్చాం. ఆ జాబితా మొదలుపెట్టింది అడ్మిన్ కాదు, గుంటూరు అరండల్‌పేటలో ఉండే, గ్రూపులో ఎప్పుడూ కొత్తవాళ్ళకి రూమ్ ఐడీ చెప్పే మనిషే. పద్నాలుగు మందిలో ఎవరి ఊసు వినపడటం లేదో తనకే ముందు తెలిసింది.

నన్ను మోడ్‌ని చేయండి అని అడగొచ్చా?

అడగండి. మేం మాత్రం గత నెల చాట్ తీసి చూస్తాం, మీరు ఎంతమందిని తప్పుపట్టారో కాదు, కొత్తగా వచ్చినవాళ్ళలో ఎంతమందిని పేరుతో పలకరించారో. వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని విడిగా అడుగుతాం కూడా. అప్పటిదాకా పైన రాసినవన్నీ ట్యాగ్ లేకుండానే చేయొచ్చు, ఈ రాత్రి 9:30 రూమ్ నుంచే.